సొంత లారీ కొని నెల్లూరు బియ్యం రెడ్‌హిల్స్‌కి తోలితే గిట్టుతుందా?

మాధవరం స్టీరింగ్:
అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్ళుగా వేరేవాళ్ళ బండి తోలుతున్నా. సొంతూరు నాయుడుపేట పక్కన, ఉంటున్నది మద్రాసు మాధవరంలో. మా ఓనరు 2019 మోడల్ పది టైర్ల బండి ఒకటి తీసేస్తున్నాడు. పదహారు లక్షలు చెప్పాడు. నా చేతిలో నాలుగున్నాయి. మిగతా పన్నెండు ఫైనాన్సులో తీసుకుంటే 48 నెలలు, నెలకు 34 వేలు కిస్తు అన్నారు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట మిల్లుల నుంచి మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ మండీలకు (టోకు బజారుకు) బియ్యం తోలుకుందామని ఆలోచన. టన్నుకు 950 బాడుగ నడుస్తోంది. ట్రిప్పుకు పదిహేడు వేలు వస్తుంది, డీజిలు ఏడు వేలు పోతే పది మిగులుతుంది కదా అని నా లెక్క. మా ఆవిడేమో "ట్రిప్పుకు పదివేలు మిగిలేదైతే మీ ఓనరు బండి ఎందుకు అమ్ముతున్నాడు?" అంటోంది. సొంత బండి తోలే అన్నలు ఎవరైనా అసలు లెక్క చెప్పండి.

సూళ్ళూరుపేట బాబాయ్:
అబ్బాయ్, మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది. కూర్చో, చెబుతా.

పది టైర్ల బండికి 2018లో లోడు పెంచారు. బండి, సరుకు అన్నీ కలిపి అంతకుముందు 25 టన్నులు, ఇప్పుడు 28.5. బాడీ, స్టెప్నీ, పట్టాలు (పైన కప్పే టార్పాలిన్లు), మోకులు, నువ్వు, క్లీనరు, మీ అన్నం క్యారియరు అన్నీ కలిపి పది టన్నుల పైమాటే. అంటే బియ్యం 18 టన్నుల చిల్లర. 26 కిలోల బస్తాలైతే సరిగ్గా 700 పడతాయి, 18.2 టన్నులు. 950 చొప్పున 17,290. ఇంతవరకు నీ లెక్క కరెక్టే.

ఇప్పుడు పోయేవి చూడు. పోనూరానూ 320 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వదు, ఖాళీగా ఐదిస్తుంది. మిల్లు దగ్గరా మండీ దగ్గరా ముందుకూ వెనక్కూ జరుపుకునేది కూడా కలిపితే 80 లీటర్లు. 7,400. వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట, నల్లూరు టోలుగేట్లకు కలిపి రెండు వేలు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కమీషను 500. కాటా, పట్టా కట్టే కూలి, దించేవాళ్ళ మామూలు, పార్కింగు కలిపి 850. ఇద్దరి తిండి, టీలు 800. ఇక్కడికి 11,550 అయింది. మిగిలింది 5,740.

అది కూడా నీది కాదు. టైర్లు పదీ మారిస్తే రెండు లక్షలు. రీట్రేడింగు (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు) చేయించి ఎంత లాగినా కిలోమీటరుకు మూడు రూపాయలు అరుగుతాయి, ట్రిప్పుకు 960. ఆయిలు, గ్రీజు, కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), ఎయిర్ లీకులు అన్నిటికీ 600 పక్కన పెట్టు. చివరికి 4,180.

నీకున్న పది వేలు నాలుగు వేలయింది. ఇక నెలకు ఎన్ని ట్రిప్పులు కొడతావో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

మాధవరం స్టీరింగ్:
బాబాయ్, దండం. ఒక రోజు పోను, ఒక రోజు రాను అనుకున్నా నెలకు పదిహేను ట్రిప్పులు కదా?

హారన్ ఓకే:
అన్నా, పాత బండి ఎందుకు? 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. టైర్లకూ అంతే. ఆ అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద బండ్లకు క్యాబిన్‌లో ఏసీ కూడా తప్పనిసరి చేశారు. కొత్తది తీసుకో, దర్జాగా కూర్చుని తోలు. బాబాయ్ లెక్కలు పాతకాలం.

సూళ్ళూరుపేట బాబాయ్:
ఏసీ పెట్టినందుకు మండీవాడు టన్నుకు పది రూపాయలు ఎక్కువిస్తాడా నాయనా? కొత్త బండి కిస్తు ఎంతో కూడా రాయి, చదువుతాం.

ఇంటిలెక్క:
నేను లారీ తోలను. మా ఆయన తోలుతాడు, పుస్తకం నేను రాస్తాను. మాది కూడా పది టైర్ల బండే, పుళల్ దగ్గర ఉంటాం. పదిహేను ట్రిప్పుల మాట మీద రెండు ముక్కలు.

పోయిన ఏడాది మా పుస్తకం తీసి చూశాను. పదిహేను ట్రిప్పులు కొట్టిన నెల ఒక్కటీ లేదు. మంచి నెలలో పదమూడు, వానాకాలంలో ఎనిమిది. ఎక్కువ నెలల్లో పది, పదకొండు. బండి చెడిపోయి కాదు. బండి బాగానే ఉంటుంది, మండీ ముందు నిలబడి ఉంటుంది.

బాబాయ్ గారు ట్రిప్పు ఖర్చు రాశారు, బండి ఊరికే ఉన్నా పోయేది రాయలేదు. మా బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 43,950. దాని మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, సంతోషం. అయినా 46 వేలు దాటుతుంది. బండికి దెబ్బ తగిలితే ఇచ్చే పాలసీ వేరే. నేషనల్ పర్మిట్టు ఏడాదికి 16,500, ఆథరైజేషను వెయ్యి. మూడు నెలలకోసారి రోడ్డు ట్యాక్సు. బండికి ఎనిమిదేళ్ళు నిండాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) ఏటేటా. అప్పుడు పెయింటు, రేడియం స్టిక్కర్లు, స్పీడు గవర్నరు అంటూ ఒక వారం బండి షెడ్డులోనే. అన్నీ కలిపి నెలకు తొమ్మిది వేలని నేను రాసుకుంటాను.

తమ్ముడికి కిస్తు 34, ఇవి 9, మొత్తం 43 వేలు. పది ట్రిప్పులకు వచ్చేది 41,800. అంటే నెలంతా రాత్రిళ్ళు మేలుకుని పన్నెండు వందలు ఎదురు కట్టాలి. పదిహేను కొడితే 19,700 మిగులుతుంది. ఇప్పుడు మీ ఓనరు మీకు జీతం, బత్తా కలిపి ఎంతిస్తున్నాడో మీరే పక్కన వేసుకుని చూడండి.

మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

మాధవరం స్టీరింగ్:
అక్కా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించా. మళ్ళీ చదవమంది.

హారన్ ఓకే:
సరే, ట్రిప్పులు పెరగవు. లోడు పెంచొచ్చు కదా? మా ఊరివాళ్ళు ఇదే బండికి 23 టన్నులు కొడుతున్నారు. ఐదు టన్నులకు 4,750 అదనం. డీజిలు ఇంకో పది లీటర్లు.

గుమ్మిడిపూండి కమ్మీ:
పట్టుకునేదాకా బాగానే ఉంటుంది తమ్మీ. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకూ రెండు వేలు. నీ ఐదు టన్నులకు 30,000. పైగా ఎక్కువున్న సరుకు అక్కడే దించి వేరే బండిలోకి మార్చాలి. ఎళావూరు చెక్‌పోస్టు దగ్గర నడిరాత్రి రెండొందల బస్తాలు మోయడానికి మనిషిని వెతికావా ఎప్పుడైనా? నేను వెతికా. ఆరు ట్రిప్పుల్లో ఎక్కువ వచ్చింది ఒక్క రాత్రిలో పోయింది. ఆ ఏడాదే వెనక కమాన్ పట్టీలు రెండుసార్లు విరిగాయి.

మండీ గుమాస్తా:
రెడ్‌హిల్స్‌లో ఒక బియ్యం మండీలో పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. మాది గూడూరు. అందరూ మండీని తిడుతున్నారు కాబట్టి మా వైపు కూడా కొంచెం వినండి.

బండి ఎందుకు ఆగుతుంది? ఒకటి, బస్తా సైజు. ఒకప్పుడు 75 కిలోల గోతాలు వచ్చేవి. మీ 18.2 టన్నులకు 243 బస్తాలు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ఉండే ప్యాకెట్టు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు. అందరూ 26 కిలోలకు మారిపోయారు. ఒక కిలో ఎందుకు ఎక్కువుందో ఇళ్ళలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఆ దెబ్బకు అదే బరువు 700 బస్తాలయింది. లోడ్‌మెన్‌కు బస్తా లెక్కన కూలి, మాకు బస్తా బస్తా లెక్కపెట్టుకోవడం, రకం చూసి అట్టీ (దొంతర) పేర్చడం. బీపీటీ రకం ఒక వైపు, పచ్చి బియ్యం ఒక వైపు, ఉప్పుడు బియ్యం ఇంకో వైపు. మూడు రకాలు కలిపి పంపితే ఇంకో గంట.

రెండోది, మీరంతా రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి లోపే వచ్చేస్తారు. లోడ్‌మెన్ వచ్చేది పొద్దున తొమ్మిదికి. ఆ పాటికి ముందు నాలుగు బండ్లుంటాయి. ఒక బ్యాచి ఒక బండి దించడానికి మూడున్నర గంటలు. మీదే నాలుగో బండి అయితే ఇక మీరే లెక్క వేసుకోండి. గోడౌను నిండి ఉంటే చిల్లర కొట్లకు సరుకు పోయేదాకా మేమేం చేస్తాం? ఇవాళా రేపూ గోడౌను అద్దెలు కూడా అలాగే ఉన్నాయి.

సూళ్ళూరుపేట బాబాయ్:
గుమాస్తా గారూ, మీ గోడౌను అద్దె తప్పించుకోవడానికి మా బండిని గోడౌను చేస్తున్నారని నేను ఎప్పటి నుంచో అంటున్నా. ఇవాళ మీరే రాశారు. చక్రాల మీదున్న గోడౌనుకు అద్దె ఎవరిస్తున్నారు? హాల్టింగు (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) అడిగితే "నాళైక్కు" అంటారు. తమిళంలో ఆ మాటకు రేపు అని అర్థమట. రెడ్‌హిల్స్‌లో మాత్రం ఇవాళ కాదు అని ఒక్కటే అర్థం.

ఇంకోటి. టోలుగేటులో 24 గంటల్లోపు తిరిగొస్తే పోనూరానూ కలిపి ఒకటిన్నర రెట్లే కోస్తారు. గడువు దాటితే రెండోసారి పూర్తిగా. నేను పైన రాసిన రెండు వేలు ఆ రాయితీ దొరికితేనే. మీ మండీలో ఒక పూట ఆలస్యమైతే ఇంకో ఆరువందలు నా జేబులోంచి పోతాయి. అది ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

మండీ గుమాస్తా:
బాబాయ్ గారూ, మీరన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ హాల్టింగు సంగతి లోడెత్తే ముందే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుతో చీటీ మీద రాయించుకోవాలి. దించేటప్పుడు అడిగితే మా సేటు ఇవ్వడు. రాయించుకున్నవాళ్ళకు ఇచ్చిన సందర్భాలు నా పుస్తకంలోనే ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి. బండి వచ్చిన టైము కూడా గేటు దగ్గర చీటీ వెనక వేయించుకోండి. చాలామంది అడగరు.

రాయచూరు సోనా:
నేను బెంగళూరు యశ్వంతపుర యార్డుకు తోలుతాను, సింధనూరు నుంచి సోనామసూరి. నాలుగువందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆగడం అక్కడా ఉంది, పగలు సిటీలోకి పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి ఇంకా ఎక్కువే. కానీ తేడా ఎక్కడంటే, ఒక రోజు ఆగినా మాకు నాలుగువందల కిలోమీటర్ల బాడుగ వస్తుంది. మీకు అదే ఒక రోజు ఆగితే 160 కిలోమీటర్ల బాడుగ. దగ్గరి రూటులో బండి నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. ఇంటికి దగ్గరని మురిసిపోవద్దు అన్నా.

మాధవరం స్టీరింగ్:
దీని గురించి నేను అసలు ఆలోచించలేదు. దగ్గరైతే డీజిలు ఖర్చు తక్కువ కదా అనే అనుకున్నా. డీజిలు అంటే గుర్తొచ్చింది, మీరంతా ఎక్కడ కొట్టిస్తారు?

గుమ్మిడిపూండి కమ్మీ:
అడగాలా? తిరుగు దారిలో ఆరంబాక్కం దాటకముందే ట్యాంకు నింపెయ్. ఈ తమిళనాడు వైపు కంటే, తడ దాటి ఆంధ్రాలోకి వస్తే లీటరుకు ఐదు రూపాయల దాకా ఎక్కువ. 80 లీటర్లకు నాలుగొందలు. అందుకే ఆ బంకుల ముందు ఆంధ్రా బండ్లు వరసగా ఉంటాయి.

ఇక రిటర్న్ లోడు సంగతి. బాబాయ్ లెక్కలో ఖాళీగా రావడమే ఉంది. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల నుంచి నెల్లూరుకు ఇనుప కమ్మీలు దొరుకుతాయి. నాకు నెలలో నాలుగైదు ట్రిప్పులకు దొరుకుతాయి. డీజిలు ఎక్కువ తాగేది పోను మూడు, నాలుగు వేలు చేతిలో పడుతుంది. కిస్తు కట్టేది వాటితోనే. కానీ ఒక చిక్కుంది. కమ్మీలు దించాక బాడీలో తుప్పు పొడి, నూనె మరకలు. బియ్యం మిల్లులో మేస్త్రీ ముందు బాడీలోకి ఎక్కి చెయ్యి పెట్టి రాస్తాడు. వేలికి ఎర్రగా అంటితే బండి వెనక్కే. నేను ఊడ్చి, తడిబట్టతో తుడిచి, ఎండబెట్టి, పాత పట్టా పరిచి, దానిమీద బియ్యానికని విడిగా పెట్టుకున్న శుభ్రమైన పట్టా పరుస్తా. గంటన్నర పని. ఎరువుల లోడు మాత్రం ఎత్తను. ఒకసారి మణలిలో ఎరువు ఎత్తా. ఆ వాసన మూడు కడుగుళ్ళకు కూడా పోలేదు. నాలుగు రోజులు బియ్యం లోడు ఎవడూ ఇవ్వలేదు.

ఇంటిలెక్క:
పట్టా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పట్టాలో పిసినారితనం చేయొద్దు తమ్ముడూ. 2021 నవంబరు వానలకు మా ఆయన గూడూరు దగ్గర చిక్కుకుపోయాడు. పంబలేరు పొంగి హైవే మీదికి వచ్చింది. ఇంకోపక్క పడుగుపాడు దగ్గర రోడ్డే కోసుకుపోయింది. రెండు రాత్రులు బండిలోనే. ఫోన్లో చార్జింగు దాచుకోవడానికి పూటకొకసారి మాట్లాడేవాడు. "తిన్నావా" అంటే "పట్టా చూసొచ్చా" అనేవాడు. పైన రెండు పట్టాలు కప్పాడు, కానీ వెనక డాలా (బాడీ తలుపు) మూల దగ్గర పాత చిరుగు ఉంది. అక్కడి నుంచి చుక్కచుక్కగా దిగి కింది వరసలో పదకొండు బస్తాలు తడిశాయి. మండీలో ఆ పదకొండూ పక్కన పడేసి పూర్తి ధర బాడుగలో కోసుకున్నారు. ఉబ్బిన బియ్యం ఇంటికి తెచ్చుకున్నాం. దోసెలు, పిండివంటలు, కోళ్ళకు వేయడం, నెలన్నర అదే. చిరుగు కుట్టించడానికి రెండువందలు అడిగాడని వాయిదా వేసింది నేనే. ఆ రెండువందలు ఇప్పటికీ నా పుస్తకంలో ఎర్ర సిరాతో ఉన్నాయి.

హారన్ ఓకే:
అక్కా, ఇది చదివాక ఏసీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

సూళ్ళూరుపేట బాబాయ్:
కొక్కెం చిరుగుల గురించీ చెప్పాలి. దించేటప్పుడు బస్తా కొక్కెంతో లాగితే చిరిగి బియ్యం కారుతుంది. తరుగు డ్రైవరు మీద వేస్తారు. అందుకే దించినంతసేపూ నిద్ర ఎంత ముంచుకొచ్చినా డాలా పక్కనే నిలబడు. బాడీలో రాలినవి ఊడ్చి నువ్వే మూట కట్టి కాటా వేయించు.

బాడుగ డబ్బు కూడా ఒక్కసారి రాదు. లోడెత్తేటప్పుడు అడ్వాన్సు, మిగతాది దించిన సంతకం చీటీ ఇచ్చాక. ఆ మిగతాది కొందరు వారంలో ఇస్తారు, కొందరు నెలన్నర తిప్పుతారు. ఫైనాన్సు వాడు మాత్రం ఐదో తారీకు అంటే ఐదో తారీకే. కాబట్టి బండి కొన్నరోజు నీ చేతిలో రెండు నెలల కిస్తు విడిగా ఉండాలి. నాలుగు లక్షలూ బండికే పెట్టేస్తే మొదటి వానకే మునుగుతావు.

బియ్యం పలచబడిన రోజుల్లో ధాన్యం తోలు. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు, పది టైర్ల బండికి 20 పుట్లు సుఖంగా పడతాయి. మార్చి, ఏప్రిల్లో కోతలప్పుడు బండ్లు దొరకవు, అప్పుడు బాడుగ మనం చెప్పిందే.

మండీ గుమాస్తా:
అమావాస్య సంగతి మర్చిపోయారు బాబాయ్ గారూ! మీవాళ్ళు అమావాస్య నాడు బండి తీయరు. మా తమిళ సేట్లకు అదే మంచిరోజు. ఆ రోజు మండీలో బండ్లు తక్కువ. ముందురోజే వచ్చి నిలబడ్డ బండి పదకొండింటికల్లా ఖాళీ అవుతుంది. నేను చూసి చెబుతున్నా.

సూళ్ళూరుపేట బాబాయ్:
మా అమ్మ బతికుండగా ఆ పని చేయలేను. అబ్బాయ్, నీకు అభ్యంతరం లేకపోతే వాడుకో. నిమ్మకాయలు మాత్రం తొక్కించి బయలుదేరు.

ఇంకో మాట. ఊరికే రాతలు చదివి కొనకు. మంగళవారం నాతో రా. ఒక ట్రిప్పు గడియారం పట్టుకుని పక్కన కూర్చో.

మాధవరం స్టీరింగ్:
బాబాయ్‌తో వెళ్ళొచ్చాను. జీతానికి తోలినన్నాళ్ళూ ఆగిన గంటల్ని లెక్కపెట్టాలనే తోచలేదు, నిద్రపోయేవాణ్ణి. ఈసారి అన్నీ రాసుకున్నా.

మంగళవారం మధ్యాహ్నం 1:40కి మిల్లు గేటు లోపల. కూలీలు వచ్చింది 3:15కి. 700 బస్తాలు ఎక్కేసరికి 6:30. కాటా, చీటీ, పట్టా అయి కదిలింది 8 గంటలకు. బూదనం గేటు 9:25. రెడ్‌హిల్స్ చేరింది 12:40. గేటు దగ్గర టైము వేయించమంటే వాచ్‌మన్ వింతగా చూశాడు, కానీ వేశాడు. మా ముందు మూడు బండ్లు. బుధవారం మధ్యాహ్నం 2:30కి దించడం మొదలైంది, 6కి అయింది. ఊడ్చి, సంతకం తీసుకుని, 6:45కి బయలుదేరాం. ఆరంబాక్కంలో డీజిలు. సూళ్ళూరుపేట గేటులో రాయితీ దొరికింది. బూదనం దగ్గర పావుగంటలో తప్పిపోయింది. బాబాయ్ ఏమీ అనలేదు, రేడియో సౌండు పెంచాడు. నెల్లూరు 11 గంటలకు.

మొత్తం 33 గంటల 20 నిమిషాలు. చక్రం తిరిగింది తొమ్మిది గంటలు కూడా లేదు. ఎత్తడం, దించడం ఆరుముప్పావు. మిగతా పదిహేడున్నర గంటలు ఊరికే ఉన్నాం.

మా ఓనరుతో మాట్లాడాను. ఇప్పుడే కొనను, మూడు నెలలు బండి నాకు ట్రిప్పు అద్దెకు ఇవ్వు, కోతల సీజను చూసి చెబుతానన్నా. హాల్టింగు రాయించుకుంటాను, కమ్మీలు ఎత్తుతాను అని కూడా చెప్పా. నవ్వాడు. కాదనలేదు. పద్నాలుగు లక్షలకు దిగుతాడేమో అని బాబాయ్ అనుమానం.

ఇంటిలెక్క అక్కా, మీ పుస్తకంలో గీతలు ఎలా కొట్టుకున్నారో ఒక పేజీ ఫోటో పెడతారా? మా ఆవిడ రెండువందల పేజీల నోటు కొని కూర్చుంది.

ఇంటిలెక్క:
సాయంత్రం పెడతాను. ఎర్ర పెన్ను కూడా కొనమనండి.